పదేళ్ల హక్కు

టెలికాం కమిషన్ విచారణ హాల్లో చిన్న కంపెనీల బల్ల దగ్గర కూర్చున్న మనిషిని చూడగానే చైర్మన్‌గారికి ఒళ్లు మండిపోయింది.

ప్లీడరు. కాలేజీలో తన పక్క బెంచీ. వక్తృత్వం కప్పులన్నీ ఎగరేసుకుపోయినవాడు. ఇప్పటికీ టీవీలో అతను కనిపిస్తే చాలు, చైర్మన్‌గారి భార్య పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తుకొస్తుంది.

“అన్నయ్యగారు ఎంత చక్కగా మాట్లాడతారో. మీరూ ఉన్నారు, ఎందుకూ.”

కొత్త తరం నెట్‌వర్కు కోసం పెద్ద కంపెనీ ఊరంతా తవ్వి కేబుళ్లు వేసింది. పదేళ్లపాటు వాటిని తనొక్కటే వాడుకోవాలంటోంది. లేకపోతే పెట్టుబడి రాదంటోంది. సరైన అద్దె పుచ్చుకుని తమకూ దారివ్వమంటున్నాయి చిన్న కంపెనీలు. దారి దొరక్కపోతే అవి మూతపడతాయి. ఆ పైన జనానికి ఒకటే దుకాణం, అది చెప్పిందే రేటు.

చైర్మన్‌గారు నిజానికి చిన్నవాళ్ల వైపే మొగ్గి వచ్చారు. పెద్ద కంపెనీ నష్టపోకుండా అద్దె కూడా ఆలోచించి పెట్టుకున్నారు.

ప్లీడరు లేచాడు. “అయ్యా, రోడ్డు వేసినవాడికి టోలు కడతాం. రోడ్డే రాసిచ్చేయమంటే ఎలా?”

హాలంతా నవ్వింది. పక్కన కూర్చున్న సభ్యురాలు కూడా ముసిముసిగా నవ్వింది. అది చైర్మన్‌గారి మనసులోని మాటే. ఆ నోట వినేసరికి ఆయనకి చేదుగా తోచింది. తను ఔనంటే రేపు పేపర్లో ఫొటో ఎవరిది? ఇంట్లో మురిసిపోయేది ఎవర్ని చూసి?

చిన్న కంపెనీ నడిపే ఒకావిడ చివర్లో చేతులు జోడించింది. “మా వాళ్లందరి ఇళ్లల్లో పొయ్యి వెలగాలండీ.”

ఆయన ఆమె వంక చూడలేదు.

భోజనాల తర్వాత తీర్పు చెప్పారు. పదేళ్ల హక్కు పెద్ద కంపెనీకే.

సభ్యురాలు తెల్లబోయింది. “పొద్దున వేరేగా అన్నారు కద సార్?”

“వాదన విన్నాక మారింది.”

చిన్న కంపెనీ ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. చైర్మన్‌గారికి కడుపు చల్లబడింది. ఇక ప్లీడరు మాడిన మొహమొక్కటే చూడాలి. ఆత్రంగా మెట్లు దిగి, కార్లు ఆపే చోట స్తంభం చాటున నిలబడ్డారు.

అక్కడ పెద్ద కంపెనీ యజమాని ప్లీడరు చెయ్యి వదలకుండా ఊపుతూ అంటున్నాడు: “మీరు ఎటుంటే అటువాళ్లని చైర్మన్ ఓడిస్తాడని తెలిసే కదండీ, బతిమాలి మరీ మిమ్మల్ని వాళ్ల బల్ల దగ్గర కూర్చోబెట్టింది.”