ఒక్కో పిల్లకు ఎంత పడింది

శుక్రవారం సాయంత్రం ఐదూ ఇరవైకి నస్పూర్ సాయంత్రపు బడిలో ఆఖరి పిల్ల భవ్యశ్రీ కూడా పరీక్ష తప్పింది. చదవాల్సింది నాలుగు వరుసల కథ. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"మల్లొక్కసారి చూడు బిడ్డా," అంది టీచర్ నర్మద.

"నాకు రాదు టీచర్."

బడిని నడిపే సంస్థ పంపగా వచ్చిన సుధాకర్ లాప్‌టాప్‌లో సున్నా కొట్టాడు. అద్దె, జీతం, పుస్తకాల ఖర్చు కలిపి, ఈ మూడు నెలల్లో చదవడం నేర్చిన పిల్లల సంఖ్యతో భాగించాలి. భాగించడానికి ఒక్కరూ లేరు.

"పెద్దపల్లిల ఒక్కో పిల్లకు తొమ్మిది వందలు పడ్డది మేడమ్. మీ దగ్గర లెక్కనే తేలుతలేదు."

"అంతకుముందు పద్నాలుగు మంది నేర్చుకున్నరు గద సార్. నేర్చుకున్నోళ్లను పంపియ్యున్రి, వాళ్ల మీద ఇంకా ఖర్చెందుకని మీరే అంటిరి. పంపిన. ఇగ రానోళ్లే మిగిలిన్రు."

"నిజమే. కానీ హైదరాబాద్ ఆఫీసుల గా ముచ్చట వినరు. లెక్క అడుగుతరు."

"ఇంకొక్క నెల చూడున్రి సార్."

"నా చేతుల లేదు మేడమ్."

నర్మద చాపలు చుట్టసాగింది. చుట్టిన చాపనే విప్పి మళ్లీ చుట్టింది.

సుధాకర్ తెల్లకాగితం మీద మార్కర్‌తో రాసి తలుపుకు అతికించాడు. బండెక్కి మంచిర్యాల వైపు వెళ్లిపోయాడు. పిల్లలు తలుపు దగ్గర మూగారు. గది ఓనరు బాలవ్వ కూడా వచ్చింది.

"ఏం రాసిపోయిండే గాయన?"

"సోమవారం నుంచి ఈ కేంద్రం పనిచేయదు. తల్లిదండ్రులు తమ పిల్లలను ఇంటి వద్దనే చదివించుకోగలరు," అని చదివింది భవ్యశ్రీ. ఎక్కడా తడబడలేదు.

నర్మద చాపతోనే బయటికి వచ్చింది.

"ఇంత మంచిగ చదువొస్తదా నీకు? మరి సార్ ముంగట రాదంటివి?"

భవ్యశ్రీ వెనక్కి తిరిగి మిగతా పిల్లలను చూసింది.

"చదువొస్తే రేపటి నుంచి రావద్దంటరు గద టీచర్. బాపు బొగ్గుబాయిల సెకండ్ షిఫ్ట్ పోతడు, అవ్వ దుకాన్ల పనికి పోతది, ఇంట్ల ఎవ్వలుండరు. అందరిండ్లల్ల గంతే. అందుకే ఎవ్వలకు చదువొచ్చినా రాదనే చెప్పాలనుకున్నం."