చెవులారా

చేతిలో మడత పెట్టిన కాగితంతో కాజాల పెద్దమ్మ పక్కగది తలుపు తట్టింది. తలుపు తీసింది మూగాయన.

చొక్కాలకు కాజాలు కుట్టి బతికే ఆవిడకూ, పాత పుస్తకాలకు అట్టలు వేసే ఆయనకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఎనిమిదేళ్ల కిందట గదిలో దిగిన రోజే, ‘గొంతు పోయింది’ అని పలక మీద రాసి చూపించాడు. ఏదో జబ్బు చేసిందనుకున్నారందరూ. అప్పట్నుంచీ ఆవిడ చెబుతుంది, ఆయన వింటాడు. మాటా మాటా పెరిగే గొడవే లేని ఇరుగూపొరుగూ తామేనని ఆవిడ అందరితో చెప్పి నవ్వేది.

ఇవాళ నవ్వలేదు.

“ఈ సన్న అక్షరాలు ఆనడం లేదు తమ్ముడూ. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు.”

ఆయన కాగితం విప్పాడు. పైన ప్రభుత్వ ముద్ర ఉంది.

ఆనకట్ట తెగి కిందిపేట కొట్టుకుపోయి పదకొండేళ్లయింది. ఆ సాయంత్రం ఆవిడ భర్త మూటలన్నీ కట్టి బండికెత్తాడు. సరిగ్గా అప్పుడే రేడియోలో వార్తలు మొదలయ్యాయి. రోజూ వినే గొంతే. పేటలో ఆ గొంతుకు తిరుగులేదు. ఆనకట్టకు ఏ ప్రమాదమూ లేదనీ, ఎవరిళ్లలో వాళ్లు ఉండాలనీ చెప్పింది. ఆవిడే పట్టుబట్టి మూటలు దింపించింది. గంట తిరక్కుండా నీళ్లొచ్చాయి. పేట మొత్తానికి, కరెంటు స్తంభం పట్టుకుని ఆవిడొక్కతే మిగిలింది.

పేట ఖాళీ చేయమని ముందే హెచ్చరించారనీ, జనమే పెడచెవిన పెట్టారనీ మర్నాటి నుంచి పత్రికలన్నీ రాశాయి. టీవీలో ఆ రోజు వార్తల రికార్డు వేశారు. ‘వెంటనే ఖాళీ చేయండి’ అంది, అదే గొంతు. బడి పుస్తకాల్లోకి కూడా అదే పాఠమై ఎక్కింది.

పట్నంలో నర్సుగా చేస్తున్న కూతురు ఒక్కసారే అడిగింది, “వెళ్లిపొమ్మంటే నాన్నని ఎందుకాపావమ్మా?” అని. ఆ తర్వాత రావడం మానేసింది.

“స్మారకం కడుతున్నారట,” అంది పెద్దమ్మ. “హెచ్చరిక విన్నాం, తప్పు మాదే అని నేను రాసిస్తే రాతి మీద చెక్కిస్తారట. పొద్దున ఆఫీసరు వచ్చి ఇచ్చి వెళ్లాడు.”

మూగాయన పలక అందుకున్నాడు. ‘మీరు విన్నది అది కాదుగా?’ అని పెద్ద అక్షరాలతో రాశాడు.

“చెవులారా విన్నాననే అనుకున్నా ఇన్నాళ్లూ. కానీ లోకమంతా ఒక మాటా, నేనొక్కదాన్నీ ఒక మాటానా? వాన హోరులో నేనే తప్పు విన్నానేమో.”

ఆవిడ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“అమ్మాయి ఫోన్ చేసింది. ఒప్పుకోమ్మా, ఒప్పుకుంటే వచ్చి నిన్ను తీసుకెళ్తా అని ఏడ్చింది. వాళ్ల నాన్నని చేజేతులా చంపుకున్నానని ఒప్పుకుంటే, పిల్లయినా దక్కుతుంది కదా తమ్ముడూ?”

మూగాయన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

“మూటలు దింపుతూ ఆయనేమన్నాడో తెలుసా? ‘నువ్వు చెప్పాక ఇంకేముందిలే’ అన్నాడు. అదే ఆఖరి మాట.”

జిగురు డబ్బా పక్కనున్న పెన్ను తీసుకుని, ఆవిడ కాగితం మీదికి వంగింది.

మూగాయన చప్పున కాగితం మీద అరచెయ్యి ఆనించాడు. రెండో చేత్తో బలపం తీసి పలక మీద ఏదో రాశాడు. చెరిపేశాడు. మళ్లీ రాయబోతే బలపం విరిగింది.

“అడ్డు తియ్యి నాయనా,” అంది పెద్దమ్మ నీరసంగా. “నేను విన్నది నిజమేనని చెప్పేవాళ్లు ఈ భూమ్మీద ఒక్కరైనా ఉన్నారా?”

కాగితం మీద చెయ్యి తీయకుండానే మూగాయన నోరు తెరిచాడు. “మీరు తప్పు వినలేదక్కా” అన్నది, పదకొండేళ్ల కిందట రేడియోలో వార్తలు చదివిన ఆ గొంతే.