సూది విరిగిన ఇంటర్వ్యూ

“ముందు ఆ స్టూలు మీద కూచోప్పా. నువ్వట్లా నిలబడితే మాకు మెడనొప్పి,” అంది ఉమాదేవి.

విష్ణువర్ధన్ కూచున్నాడు. స్టూలుకు ఒక కాలు పొట్టి. ఇంజనీరింగు చదివి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మనిషి పడిపోకుండా కూచోవడానికే నానా తంటాలు పడ్డాడు. రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్ళకు ఉమాదేవి పేరు కొత్త కాదు. ఆమె ఇంటి ముందు రేకుల షెడ్డులో మిషన్లన్నీ ఆగాయి. కుట్టే ఆడవాళ్ళంతా తలలెత్తి ఇతన్నే చూస్తున్నారు. కొత్త అల్లుణ్ణి కూడా అంత పరీక్షగా చూడరు.

ఊళ్ళో మిగిలినవాళ్ళంతా అప్పటికే కాదన్నారు. ఉమాదేవి కూడా కాదంటే అతనికి ఇక జీన్స్ పని లేనట్టే. తన పల్లెకు పోయి నాయన వెంట వేరుశనగ చేలో వానకోసం ఆకాశం చూస్తూ కూచోవాలి.

“ఇంతకుముందు వాళ్ళతో ఎందుకు పొసగల్యా నీకు?” అడిగింది ఉమాదేవి.

“నా నోటి దూలే అక్కా. కోపమొస్తే నోరు నా మాట ఇనేది కాదు.”

“ఇప్పుడు ఇంటాందా?” ఎస్తేరు అందుకుంది. ఆ షెడ్డులో అందరికంటే పెద్ద నోరు ఆమెదే.

“శానావరకు ఇంటాంది.”

అందరూ గొల్లుమన్నారు. పాపం, అబద్ధం చెప్పడం కూడా చేతకాలేదతనికి.

“పొద్దున గంట ఆలస్యమైతే?”

“ఏముండాదక్కా? సాయంత్రం ఇంకో గంట కూచుంటే సరిపాయె.”

“కుట్టు తప్పు పోతే?”

“ఇప్పి మళ్ళా కుట్టేదే. అరిస్తే కుట్టు సరిగ్గా వస్తాదా?”

ఉమాదేవి, ఎస్తేరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“మాటలు బాగుండాయి. ఈ జేబు కుట్టి సూపియ్యి,” అంటూ ఎస్తేరు తన మిషన్ ముందు నుంచి లేచింది.

అతను గుడ్డ సర్ది కాలితో పెడల్ నొక్కాడు. మిషన్ గుర్రుమంది. జేబు ఒక పక్కకు, కుట్టు ఇంకో పక్కకు పోయి, చివరికి సూది టప్పున విరిగింది.

“అయ్యయ్యో, నా సూది!” ఎస్తేరు నెత్తి కొట్టుకుంది.

విష్ణువర్ధన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. ఇంత అవమానం ఎప్పుడూ పడలేదు. లేచి పోదామనిపించింది. పోలేదు.

“నాకు రాదక్కా,” అన్నాడు. “ఇంత కష్టమని తెలీదు. నేర్పిస్తే నేర్చుకుంటా.”

“రాదని ఒప్పుకున్నాడు సూడు. మొన్న వచ్చినోడు అదీ ఒప్పుకోల్యా,” అంది ఉమాదేవి.

“ఇంట్లో ఏమంటాండారు?” ఇంకెవరో అడిగారు.

“మా నాయనకు ఇష్టంల్యా. ఆడోళ్ళ ముందర చేతులు కట్టుకొని కూచుంటావా అని తిట్టినాడు.”

“అయినా వచ్చినావే!”

“రాకుంటే ఎట్లక్కా? మంచి పనోళ్ళంటే ఈడనే ఉండారని ఊరంతా చెప్తాంది.”

మూలన గుండీలు వేస్తున్న ముసలి ఓబులమ్మ అప్పుడు నోరు విప్పింది. “అదంతా సరే నాయనా. మేం నాలుగు మాటలంటే పడతావా?”

షెడ్డులో అందరూ ఆ జవాబు కోసమే చెవులు రిక్కించారు.

“కష్టమే అవ్వా. కానీ పడతా.”

“పో, బయట నిలబడు. మాట్లాడుకొని చెప్తాం,” అంది ఉమాదేవి.

బయట గాలి దుమ్ము రేపుతోంది. రేకుల సందులోంచి గుసగుసలు, మధ్యమధ్య నవ్వులు. “సూది” అన్న మాట ఒక్కటే అతనికి స్పష్టంగా వినిపించింది. తన పని అయిపోయిందనుకున్నాడు.

ఉమాదేవి గడపలోకి వచ్చింది.

“సోమవారం నుంచి పని మొదలు పెడదాం. నోరు మళ్ళా జారిందో, ఆ పొద్దే తెగతెంపులు. తెలిసిందా?”

“తెలిసిందక్కా!” రెండు చేతులూ జోడించాడు.

“సూది కొనియ్యాల!” లోపలినుంచి ఎస్తేరు అరిచింది.

విష్ణువర్ధన్ నవ్వుకుంటూ సందు మలుపు దాకా పరుగులాంటి నడక నడిచాడు. కళ్ళు తుడుచుకొని ఫోన్ తీశాడు.

“తిప్పన్నా, మూసిన మన ఫ్యాక్టరీ తాళం తియ్యప్పా, టైలర్లు నన్ను ఓనరుగా ఒప్పుకున్నారు!”