పాత ప్రతిలోని వాక్యం

నెల రోజులుగా ఆ ఇంట్లో రాత్రి అయితే దయ్యాలదీ, గ్రహాంతరవాసులదీ రాజ్యం. అలాంటి పాత నవలలు మళ్లీ అచ్చవుతున్నాయి. భార్య పాత పుస్తకాన్ని కామాలతో సహా పైకి చదువుతుంటే, ప్రూఫ్‌రీడరైన భర్త కొత్త అచ్చు కాగితాల మీద తప్పులు దిద్దుతాడు. ఇరవై ఏళ్లుగా ఆమె గొంతును కళ్లు మూసుకుని నమ్మిన మనిషి.

ఆ రాత్రి ఆఖరి నవల.

"మొగుడు వేసిన గడియను ఆమె చప్పుడు కాకుండా తీసి ఉంచింది, ఫుల్‌స్టాప్," అని చదివిందామె.

"ఆగాగు. ఆ వాక్యం నా దగ్గర లేదే!"

"ఇందులో ఉందండీ. కంపోజింగులో ఎగరగొట్టేసుంటారు."

అతను నవ్వుతూ తలుపు వైపు చూశాడు. అన్నం తినగానే తన చేత్తో వేసిన గడియ తీసి ఉంది. బయట మెట్ల మీద ఏదో బరువుగా, తీరిగ్గా, ఒక్కో మెట్టే ఎక్కి వస్తోంది.

"ఎవరి కోసం తీశావే?"

ఆమె తలెత్తలేదు. పుస్తకాన్ని అతనికి కనబడకుండా ఒడిలోకి వంచుకుంది.

"ఎవరి కోసం తీశావే అని అడిగాడు ఆ పిచ్చి మొగుడు, ఫుల్‌స్టాప్," అని రోజూ చదివే గొంతుతోనే చదివి, పేజీ తిప్పింది.