శవానికి డైలాగు

"చచ్చినవాడు చవక," అంటూ నిర్మాత బడ్జెట్‌లో నా ఒక్క డైలాగూ కొట్టేసి, నన్ను శవాన్ని చేశాడు.

మా నటుల సంఘం రూలు ప్రకారం, కెమెరా ముందు ఒక్క మాట మాట్లాడినా నటుడి జీతం, పింఛను వాటా ఇచ్చి తీరాలి. నా పింఛనుకు అలాంటి రోజు ఒక్కటే తక్కువ. అది తెలిసే కొట్టేశాడు.

జీతాల లెక్కలు చూసే అమ్మాయి అందరిముందూ నన్ను గదమాయించింది. "బాబాయ్, నోరు మెదిపావంటే కొంప మునుగుతుంది! సెట్టు తగలబడేది ఒక్కసారే. మళ్ళీ తియ్యడానికుండదు."

మంటలు లేచాయి. హీరో నా మీద పడి ఏడుస్తున్నాడు. నేను కళ్ళు తెరిచి, కెమెరా వైపు తిరిగి, "కాస్త లేవయ్యా, ఊపిరాడట్లేదు," అన్నాను.

సెట్టు బూడిదైంది. కథలో నన్ను బతికించక తప్పలేదు.

"వీడి జీతం ఎక్కణ్ణుంచి తెస్తావ్?" అని నిర్మాత ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు.

ఆమె బడ్జెట్ తెరిచింది. వారం కిందటే తను టైపు చేసిన పద్దు చూపించింది: 'శవం, మాటలతో.'

"మీరే సంతకం పెట్టారు సార్."

బయటికొచ్చాక నా చెవిలో చెప్పింది.

"మా నాన్నకీ ఒక్కరోజే తక్కువైంది బాబాయ్. ఆయన్నీ ఈయనే శవాన్ని చేశాడు."