ఊడొచ్చే తలుపు

పొద్దున్నుంచీ వీరేందర్‌కు ఒళ్ళు మండుతూనే ఉంది.

గృహప్రవేశం ఇంకా పది రోజులే. సింహద్వారానికి ఏ తలుపు పెట్టాలో తేలలేదు. గనిలో సెలవు దొరికింది ఈ ఒక్కరోజే.

వడ్రంగి గోపాలు తాపీగా ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నాడు.

"ఇది రెండు రెక్కలది అన్నా. నడుమ లక్ష్మీదేవి, అటిటు ఏనుగులు. అసలు టేకు."

"బరువుంటదా?"

"నలుగురు పట్టాలె. ఒక్కసారి బిగిస్తే ఇగ కదలదు."

"గట్లనే ఉండాలె. దుమ్ముగూడెంల ఇసొంటి తలుపు ఇంకోటి ఉండొద్దు."

అంతలో వెదురు బుట్టల కావడి దించుకుని ఒక ముసలాయన గుమ్మం ముందు ఆగాడు. అడవి పల్లె మనిషి. మెడ చాచి ఫొటో చూశాడు.

"అంత బరువుది వద్దు బాబూ. సాదా ఒంటిరెక్క తలుపు పెట్టు. సీల తీస్తే చేత్తో ఊడొచ్చేటట్టు ఉండాలె."

గోపాలు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు తనకే తగిలినట్టయింది వీరేందర్‌కు.

"ఊడొచ్చే తలుపేంది? దొంగలకు తోవ చూపిస్తున్నవా?"

"దొంగల కోసం కాదు బాబూ. గోదారి మళ్ళా వస్తది. అప్పుడు..."

"శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే ముంపు మాట తీస్తవా? నిన్నెవరు అడిగిండ్రు?"

ముసలాయన కావడి భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"నాంచారమ్మ మంచిగుందా?"

వీరేందర్‌కు పట్టలేని కోపం వచ్చింది. దారిన పోయేవాడు తన తల్లిని పేరు పెట్టి అడగడమా? ఊగుతున్న బుట్టను కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది కంకర కుప్ప మీద బోర్లా పడింది.

ముసలాయన వంగి బుట్ట తీసుకున్నాడు. దుమ్ము దులిపి, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

"ఆ రెండు రెక్కలదే ఖాయం. ఇయ్యాలే పని మొదలుపెట్టు," అన్నాడు వీరేందర్ పళ్ళు నూరుతూ.

మధ్యాహ్నం నాంచారమ్మ సద్దిగిన్నె పట్టుకొచ్చింది. గోపాలు నవ్వాపుకోలేక జరిగిందంతా చెప్పాడు.

ఆమె గిన్నె కింద పెట్టేసింది.

"ఎట్లుండెరా ఆయన? ఎడమ కాలు కుంటుతదా?"

"కుంటుతడు. అయితే ఏంది?"

ఆమె రోడ్డు దాకా పరుగెత్తింది. రెండు దిక్కులా చూసింది. ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి ఆమె ముఖం ఎర్రబడి ఉంది.

"తన్నినవా? ఆయన బుట్టను తన్నినవా?"

"నిన్ను పేరు పెట్టి అడిగిండమ్మా."

"పెద్ద వరద నాడు నువ్వు ఆవలొడ్డున డ్యూటీల ఇరుక్కుంటివి. నేను, నీ బిడ్డ ఇంటి కప్పు మీద కూసున్నం. మమ్మల్ని గట్టెక్కించింది ఎవరని ఒక్కనాడన్న అడిగినవారా?"

"ఎవరో పడవోళ్ళనుకున్న."

"పడవ యాడిదిరా ఆ రోజు? మిట్ట మీది తన ఇంటి తలుపు ఊడబెరికి, మమ్మల్ని దాని మీద కూసోబెట్టి, మెడలోతు నీళ్ళల్ల నెట్టుకొచ్చిండు సీతయ్య. ఆ తలుపు గోదారి పాలైంది, ఆయన గుమ్మానికి ఇప్పటికీ గోనెపట్టే అడ్డం."