ఎర్రన్నం

"ఈ మెట్లు చూడు, నాచు పట్టి ఉన్నాయి. జారితే నడుం విరుగుతుంది. ఈ కొండమీదికి అంబులెన్సు వచ్చేసరికి మనిషి మిగలదు," అంది సుమియె.

"మనం ఇంకా బండే దిగలేదమ్మా," అంది కనాయె.

వెనక సీట్లోంచి వియ్యపురాలు హత్సుయో కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు సుమియెకి గిట్టలేదు.

ఏటా ఆకులు ఎర్రబడే రోజుల్లో తల్లీకూతుళ్లిద్దరే ఆకితా కొండల్లోని ఈ పాత సత్రానికి వస్తారు. గడ్డి కప్పు, గది మధ్యలో నిప్పుల గుంట, పాలలా తెల్లటి వేడినీళ్ల ఊట. కనాయెకి మూడేళ్లప్పటి నుంచీ ఇదే అలవాటు. పెళ్లయ్యాక కూడా ఆ రెండు రోజులు మాత్రం సుమియెవే. ఈసారి కూతురు ఫోన్ చేసి, "అత్తయ్యని కూడా తీసుకొస్తున్నానమ్మా," అంది. అడగలేదు, చెప్పింది.

బండి దిగగానే కనాయె సంచి అందుకోబోయింది.

"నువ్వు ముట్టుకోకు," అంటూ హత్సుయో లాగేసుకుంది. డెబ్భై ఏళ్లావిడ రెండు సంచులు మోస్తూ మెట్లెక్కుతుంటే, ముప్పై నాలుగేళ్ల పిల్ల ఖాళీ చేతులతో వెనకాల నడిచింది. సుమియెకి అది వింతగా తోచింది.

గదిలో టీ తాగగానే సుమియె తువ్వాలు భుజాన వేసుకుంది.

"పద స్నానానికి. నీ వీపు రుద్ది ఏడాదైంది. ఎంత మట్టి పేరుకుందో!"

"నువ్వు వెళ్లమ్మా. అక్కడ జనం ఉంటారు. నేను చిన్న స్నానాల గది అడిగి పెట్టుకున్నాను."

"అయితే నేనూ అందులోకే వస్తాను."

"ఇద్దరికే చోటమ్మా."

"మనం ఇద్దరమేగా?"

కనాయె కిటికీ వైపు చూసింది. "అత్తయ్య వస్తారు."

సుమియె ఒక్కతే బయల్దేరింది. పెద్ద స్నానశాలలో ఎవరో తల్లీకూతుళ్లు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ ముచ్చట్లాడుకుంటున్నారు. పక్కనున్న ముసలావిడ, "మీకెవరూ లేరా? ఇటు తిరగండి, నేను రుద్దుతాను," అంది.

"మా అమ్మాయి వస్తోందండీ," అని అబద్ధమాడి, సుమియె గోడవారగా జరిగి నీళ్లలో మెడదాకా మునిగింది.

చెక్కగోడకి అవతలే చిన్న గది. మాటలు వినబడ్డాయి.

"మెల్లగా దిగు. చెయ్యి నాకివ్వు." హత్సుయో గొంతు. "మూడు నెలలు దాటితే వేడినీళ్లకి భయం లేదని డాక్టరు చెప్పాడుగా."

"అమ్మకి ఎలా చెప్పాలో తెలియట్లేదు అత్తయ్యా."

"ఇవాళ చెప్పేద్దువుగాని."

సుమియె చెవి గోడకి ఆనించింది. మూడు నెలలు! బరువు మొయ్యనివ్వకపోవడం, నీళ్లలోకి చెయ్యి పట్టుకుని దించడం... కడుపుతో ఉందన్నమాట! పెళ్లయిన ఆరేళ్లకి! వెంటనే ఒళ్లంతా భయం పాకింది. ఆ వేడినీళ్లలో కళ్లు తిరిగితే? జారిపడితే? ఆ భయం వెనకే మంట లేచింది. మొదట ఆవిడకి చెప్పిందా? డాక్టరు దగ్గరికి కూడా ఆవిడే వెళ్లిందా? కన్నతల్లి ఆఖరున వినాలా?

నిరుడు కనాయె జలుబు చేసిందంటే, మందులు మూటగట్టుకుని మొదటి రైలెక్కి వెళ్లింది తను. ఆవిడ ఏం చేసింది? సంచి మోసింది!

ఒళ్లు సరిగా తుడుచుకోకుండానే వంటగదికి వెళ్లింది. సత్రం యజమానురాలు పుట్టగొడుగులు తరుగుతోంది.

"ఈ రాత్రి భోజనంలోకి ఎర్రన్నం వండగలరా?"

ఇంట్లో శుభకార్యమైతే తప్ప ఎవరూ వండుకోని అన్నం అది. యజమానురాలి ముఖం వికసించింది.

"ముందే చెబితే బియ్యం బాగా నానేవండీ. ఫరవాలేదు, అందులో కలిపే ఎర్ర అలసందలు ఉడికించే ఉన్నాయి. ఏమిటి విశేషం?"

"మా అమ్మాయికి మూడు నెలలు నిండాయి," అంది సుమియె, కాస్త గట్టిగా. "అన్నం వడ్డించేదాకా వాళ్లకి చెప్పకండి. నాకు తెలియదనుకుంటున్నారు."

భోజనాల వేళకి ముగ్గురూ నిప్పుల గుంట చుట్టూ కూర్చున్నారు. ఉప్పు రాసిన చేపలు పుల్లలకి గుచ్చి కాలుతున్నాయి. సుమియె సారా పోయబోతే కనాయె గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మందులు వాడుతున్నానమ్మా."

"అవును మరి, వాడాలిగా," అంది సుమియె ఓరగా చూస్తూ.

హత్సుయో చేప ముళ్లు తీసి, ముక్కలు కోడలి పళ్లెంలో పెట్టింది.

"నా కూతురికి ముళ్లు తీసుకోవడం చిన్నప్పుడే నేర్పాను వదినగారూ."

"తెలుసు వదినగారూ. ఏదో చేతికి పని."

అంతలో యజమానురాలు చెక్కగిన్నె తెచ్చి మధ్యలో పెట్టి మూత తీసింది. ఎర్రగా, పొగలు కక్కుతూ అన్నం. ఆవిడ రెండు చేతులూ నేలకి ఆనించి వంగింది.

"శుభాకాంక్షలండీ!"

హత్సుయో చేతిలోంచి అన్నం తినే పుల్లలు జారాయి. యజమానురాలు ఆ ముఖాలు చూసి మెల్లగా తప్పుకుంది.

"ఏం, అలా చూస్తారు?" అంది సుమియె. "అన్నీ ఆవిడకేనా? స్నానానికి ఆవిడ, ఆసుపత్రికి ఆవిడ, మొదటి మాట ఆవిడకి. నేను గోడ పక్కన నక్కి వినాలా? కన్నది నేను కాదూ!"

"వదినగారూ, ఒక్క మాట..." అంది హత్సుయో.

"మిమ్మల్ని కాదు. దాన్ని అడుగుతున్నాను. చెప్పవే! అంత మంచి కబురు నా దగ్గర ఎందుకు దాచావు?"

హత్సుయో మళ్లీ నోరు తెరవబోయింది. కనాయె ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. కింద లోయలో ఏరు హోరు వినిపిస్తోంది. చేపల నూనె నిప్పుల మీద చుయ్‌మంటోంది. ఎర్రన్నం మీద ఆవిరి పలచబడి, పలచబడి, ఆగిపోయింది. సుమియె కూతురి పెదవులనే చూస్తూ కూర్చుంది.

"ఎడమ రొమ్ము తీసేశారమ్మా," అంది కనాయె.